ఛత్తీస్‌గఢ్‌లో 112 విశ్వవిద్యాలయాలు: డిగ్రీ ముందా, ల్యాబ్ ముందా?

(జీఎస్ పేపర్ 1: స్వాతంత్ర్యానంతర చరిత్ర, జీఎస్ పేపర్ 2: విద్య, కేంద్ర–రాష్ట్ర సంబంధాలు, జనరల్ ఎస్సే)

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం 2000 నవంబర్ 1న ఏర్పడింది. రాయ్‌పూర్ రాజధాని అయింది. రెండేళ్లు తిరిగేసరికి ఆ రాష్ట్రం ప్రైవేటు విశ్వవిద్యాలయాల కోసం ఒక చట్టం చేసింది. దాని కింద ఏడాది కాస్త అటూ ఇటూగా 112 విశ్వవిద్యాలయాలు పుట్టాయని సుప్రీంకోర్టుకు వెళ్లిన పిటిషన్ చెప్పింది. వాటిలో చాలావాటికి క్యాంపస్ లేదు, సొంత భవనం లేదు. ఒక్క గదిలో నడిచినవీ ఉన్నాయి. 2005 ఫిబ్రవరి 11న సుప్రీంకోర్టు ఒకే తీర్పుతో వాటన్నిటి ఉనికినీ రద్దు చేసింది.

పాలిటీ నోట్సులో ఇది "ప్రొఫెసర్ యశ్‌పాల్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్" అని ఒక లైనులో ముగిసిపోతుంది. ఎంట్రీ నంబర్లు గుర్తుపెట్టుకుని ముందుకు వెళ్లిపోతాం. కానీ ఈ కేసును మన దేశంలో కంప్యూటర్ చదువు ఎదిగిన చరిత్ర పక్కన పెట్టి చదివితే అందులో ఇంకో పాఠం కనిపిస్తుంది. ఒక కొత్త విషయం విశ్వవిద్యాలయంలోకి వచ్చేటప్పుడు ఏది ముందు రావాలి, ఏది చివర రావాలి అన్నదే ఆ పాఠం. ఇప్పుడు గేమ్ డిజైన్ డిగ్రీల కాలం మొదలైంది కాబట్టి ఆ ప్రశ్న మళ్లీ మన ముందుకు వచ్చింది.

1. రాయ్‌పూర్‌లో పాత పద్ధతి

రాయ్‌పూర్‌లో సాంకేతిక విద్య కథ కంప్యూటర్లతో కాదు, గనులతో మొదలైంది. పక్కనే ఉన్న భిలాయ్‌లో ఉక్కు కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరింది. ఉక్కు కావాలంటే ఇనుప ఖనిజం, బొగ్గు తవ్వాలి. లోహశాస్త్రం తెలిసిన ఇంజనీర్లు కావాలి. ఆ అవసరం నుంచే ప్రభుత్వ గనుల, లోహశాస్త్ర కళాశాల పుట్టింది. 1956 సెప్టెంబర్ 14న రాష్ట్రపతి బాబూ రాజేంద్ర ప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1958లో తరగతులు మొదలయ్యాయి. 1963 మార్చి 14న ప్రధాని నెహ్రూ ప్రారంభోత్సవం చేశారు. తర్వాత అది ఇంజనీరింగ్ కళాశాలగా పెరిగింది. 2005 డిసెంబర్ 1న ఎన్ఐటీ రాయ్‌పూర్ అయింది. 2007 నాటి ఎన్ఐటీ చట్టం ఎన్ఐటీలను జాతీయ ప్రాముఖ్యం గల సంస్థలుగా నిలబెట్టింది.

ఈ తేదీలను వరుసగా చూడండి. శంకుస్థాపన నుంచి ఎన్ఐటీ హోదా దాకా 49 ఏళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో అది కళాశాలే. ఇదే నగరంలో 1964లో రవిశంకర్ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఇప్పుడు దాన్ని పండిట్ రవిశంకర్ శుక్లా విశ్వవిద్యాలయం అంటున్నాం. మన పాత పద్ధతిలో కళాశాల పాఠం చెబుతుంది, విశ్వవిద్యాలయం పరీక్ష పెట్టి పట్టా ఇస్తుంది. పాఠం చెప్పేవారు ఒకరు, "ఇతనికి వచ్చు" అని సంతకం పెట్టేవారు ఇంకొకరు. ఇందులో ఆలస్యం ఉంది, చిరాకు ఉంది. కానీ ఒక తనిఖీ కూడా ఉంది.

2. దేశంలో కంప్యూటర్ చదువు ఎలా వచ్చింది?

కంప్యూటర్ సైన్స్ మన దేశంలోకి డిగ్రీ రూపంలో రాలేదు, యంత్రం రూపంలో వచ్చింది. 1950ల మధ్యలో కోల్‌కతాలోని భారత గణాంక సంస్థ బ్రిటన్ నుంచి హెచ్ఈసీ-2ఎం అనే కంప్యూటర్‌ను తెప్పించుకుంది. పంచవర్ష ప్రణాళికల లెక్కలు చేతితో తేలేవి కావని మహలనోబిస్‌కు తెలుసు. బొంబాయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఆర్. నరసింహన్ బృందం సొంతంగా ఒక కంప్యూటర్ తయారుచేసింది. 1960లో అది పనిలోకి వచ్చింది. 1962లో నెహ్రూ దానికి టిఫ్రాక్ అని పేరు పెట్టారు.

1963లో ఐఐటీ కాన్పూర్‌కు ఐబీఎం 1620 వచ్చింది. అమెరికాకు చెందిన తొమ్మిది విశ్వవిద్యాలయాల సహకారంతో అక్కడ పని జరుగుతున్న రోజులవి. యంత్రం వచ్చాక అధ్యాపకులు ముందు తాము నేర్చుకున్నారు, తర్వాత విద్యార్థులకు నేర్పారు. ప్రొఫెసర్ వి. రాజారామన్ లాంటివారు పాఠ్యపుస్తకాలు రాశారు. కంప్యూటర్ సైన్స్ పేరుతో పూర్తి డిగ్రీ ప్రోగ్రాములు 1970లలో వచ్చాయి. యంత్రానికీ పట్టాకూ మధ్య సుమారు పదేళ్లు గడిచాయి.

మన తెలుగు నేల వైపు చూసినా ఇదే వరుస. 1967 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ ఏర్పడింది. దాన్ని నడిపించిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లుకు చెందినవారు. 1969లో ఈసీఐఎల్ నుంచి టీడీసీ-12 అనే కంప్యూటర్ వచ్చింది. దాని మూలాలు ట్రాంబే అణు పరిశోధన కేంద్రంలో ఉన్నాయి. టీడీసీలో 'టీ' అక్షరం ట్రాంబేదే. ఆ తర్వాత జేఎన్‌టీయూ 1972లో ఏర్పడింది. హైదరాబాద్ ఐఐఐటీ 1998లో వచ్చింది. నగరంలో కంప్యూటర్ తయారైన చాలా ఏళ్లకు గానీ దాని మీద ప్రత్యేక సంస్థ రాలేదు.

1980 ప్రాంతంలో దేశానికి ఎంతమంది కంప్యూటర్ నిపుణులు కావాలో తేల్చడానికి రాజారామన్ అధ్యక్షతన ఒక కమిటీ పనిచేసింది. డిగ్రీ చదివినవారి కోసం ఎంసీఏ కోర్సు ఆ సిఫార్సుల నుంచే పుట్టింది. ఇక్కడ కూడా అవసరం ముందు, లెక్క తర్వాత, కోర్సు చివర.

అంటే వరుస ఇది: యంత్రం, గురువు, పాఠం, పట్టా. పట్టా చివర రావడం వల్లే దానికి విలువ వచ్చింది. అప్పటికే జరుగుతున్న చదువుకు అది రుజువు మాత్రమే.

3. వరుస ఎందుకు తిరగబడింది?

1991 తర్వాత సాఫ్ట్‌వేర్ ఎగుమతులు పెరిగాయి. 2000 సంవత్సరం దగ్గరపడుతున్నప్పుడు వై2కే పనుల కోసం ప్రోగ్రామర్లకు గిరాకీ వచ్చింది. కంప్యూటర్ కోర్సు అంటే ఉద్యోగం, ఉద్యోగం అంటే విదేశం అన్న లెక్క ఊరూరా పాకింది. హైదరాబాద్ అమీర్‌పేటలో శిక్షణ కేంద్రాలు కిక్కిరిసింది ఈ కాలంలోనే. చదవాలనుకునేవారి సంఖ్య పెరిగినంత వేగంగా అధ్యాపకులు, ల్యాబులు పెరగలేదు.

ఈ దశలో 2001లో సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. తమిళనాడులోని భారతీదాసన్ విశ్వవిద్యాలయం ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ వంటి కోర్సులను ఏఐసీటీఈ ముందస్తు అనుమతి లేకుండా మొదలుపెట్టింది. విశ్వవిద్యాలయానికి ఆ అనుమతి అవసరం లేదని, అయితే ఏఐసీటీఈ నిర్ణయించిన ప్రమాణాలను మాత్రం పాటించాలని కోర్టు చెప్పింది. విశ్వవిద్యాలయాల స్వయంప్రతిపత్తి కోణంలో ఇది సబబైన తీర్పే. కానీ ఒక తేడా అందరికీ స్పష్టమైంది. కళాశాల అయితే కంప్యూటర్ కోర్సుకు ముందు అనుమతి తెచ్చుకోవాలి. విశ్వవిద్యాలయం అయితే అక్కర్లేదు. "విశ్వవిద్యాలయం" అనే మాటకే ఒక ధర పలికే పరిస్థితి వచ్చింది.

4. 2002 చట్టం

ఛత్తీస్‌గఢ్ ప్రైవేటు రంగ విశ్వవిద్యాలయాల (స్థాపన, నియంత్రణ) చట్టం 2002లో వచ్చింది. సాధారణంగా ఒక విశ్వవిద్యాలయం పెట్టాలంటే దాని కోసం శాసనసభ విడిగా చట్టం చేస్తుంది. సభలో చర్చ జరుగుతుంది, ప్రశ్నలు వస్తాయి. ఈ చట్టంలోని సెక్షన్ 5 ఆ దారిని మార్చేసింది. ప్రమోటర్ ఒక ప్రాజెక్టు నివేదిక ఇస్తే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో నోటిఫికేషన్ వేసి విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేయవచ్చు. పైగా రాష్ట్రం బయట కూడా కేంద్రాలు పెట్టుకునే వీలు ఈ చట్టంలో ఉంది.

ప్రభుత్వం వైపు నుంచి చూస్తే వాదన లేకపోలేదు. రాష్ట్రం కొత్తది. జనాభాలో సుమారు మూడో వంతు గిరిజనులు. ఉన్నత విద్యలో వెనకబాటు ఉంది, ఖజానాలో డబ్బు తక్కువ. ప్రైవేటు పెట్టుబడి వస్తే పిల్లలు నాగ్‌పూర్‌కో, భోపాల్‌కో, హైదరాబాద్‌కో వెళ్లకుండా ఇక్కడే చదువుకుంటారు. ఈ ఉద్దేశంలో తప్పు లేదు. ఉద్దేశాన్ని అమలు చేసిన వరుసలోనే తప్పుంది. ముందు విశ్వవిద్యాలయం అనే పేరు, దాంతోపాటే పట్టా ఇచ్చే అధికారం వచ్చేశాయి. భవనం, ల్యాబ్, అధ్యాపకులు "తర్వాత వస్తాయి" అన్న మాట మాత్రం కాగితం మీద మిగిలింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా గమనించాలి. యూజీసీ ఏటా ప్రకటించే నకిలీ విశ్వవిద్యాలయాల కోవలోకి ఇవి రావు. నకిలీవి చట్టం లేకుండా బోర్డు పెట్టినవి. ఇవి రాష్ట్ర చట్టం కింద, గెజిట్‌లో పేరు పడి వచ్చినవి. ఒక తండ్రి తన కూతుర్ని చేర్పించే ముందు "గుర్తింపు ఉందా?" అని అడిగితే చూపించడానికి ప్రభుత్వ కాగితమే ఉంది. విద్యార్థి చేయగలిగిన జాగ్రత్త అంతా చేసినా మోసపోయే అవకాశం ఉండటమే దీనిలోని తీవ్రత.

5. యశ్‌పాల్ ఎవరు?

పిటిషన్ వేసిన ప్రొఫెసర్ యశ్‌పాల్ (1926–2017) కాస్మిక్ కిరణాలపై పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త. అహ్మదాబాద్ స్పేస్ అప్లికేషన్స్ సెంటర్‌కు మొదటి డైరెక్టర్. 1986 నుంచి 1991 దాకా యూజీసీ ఛైర్మన్. పిల్లల పుస్తకాల సంచి బరువు తగ్గించాలన్న 1993 నాటి "భారం లేని చదువు" నివేదిక ఆయన కమిటీదే.

ఆయనకు రాయ్‌పూర్ ప్రాంతంతో అంతకు ముందే ఒక సంబంధం ఉంది. 1975–76లో జరిగిన సైట్ ప్రయోగం గురించి సైన్స్ అండ్ టెక్నాలజీలో చదివే ఉంటారు. అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ద్వారా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 పల్లెలకు విద్యా కార్యక్రమాలు పంపారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ పల్లెలతో పాటు, అప్పుడు మధ్యప్రదేశ్‌లో ఉన్న రాయ్‌పూర్ ప్రాంత పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. కొత్త టెక్నాలజీతో చదువును పల్లెకు చేర్చడానికి పనిచేసిన మనిషే, మూడు దశాబ్దాల తర్వాత అదే ప్రాంతంలో చదువు పేరుతో జరుగుతున్నదాన్ని ఆపమని కోర్టుకు వెళ్లారు. ఆయన వ్యతిరేకించింది కొత్త కోర్సులను కాదు, ప్రైవేటు రంగాన్నీ కాదు. చదువు లేని పట్టాను.

6. తీర్పులో ఏముంది?

ప్రధాన న్యాయమూర్తి ఆర్.సి. లాహోటీ, న్యాయమూర్తులు జి.పి. మాథుర్, పి.కె. బాలసుబ్రమణ్యన్‌తో కూడిన ధర్మాసనం తీర్పు ఇచ్చింది. పరీక్షకు కావాల్సిన రాజ్యాంగ తర్కాన్ని మూడు మెట్లుగా చూద్దాం.

మొదటి మెట్టు: విశ్వవిద్యాలయాన్ని ఏర్పాటు చేసే అధికారం రాష్ట్రానికి ఉంది. రాష్ట్ర జాబితాలోని ఎంట్రీ 32 అదే చెబుతుంది. విద్య మొదట రాష్ట్ర జాబితాలో ఎంట్రీ 11గా ఉండేది. 1976 నాటి 42వ సవరణ దాన్ని ఉమ్మడి జాబితా ఎంట్రీ 25లోకి మార్చింది. ఆ ఎంట్రీ కూడా కేంద్ర జాబితాలోని 63, 64, 65, 66 ఎంట్రీలకు లోబడి ఉంటుంది.

రెండో మెట్టు: ఉన్నత విద్యలో ప్రమాణాలను నిర్ణయించడం, సమన్వయం చేయడం కేంద్ర జాబితా ఎంట్రీ 66 కిందికి వస్తాయి. ఆ అధికారంతో పార్లమెంటు చేసినదే 1956 నాటి యూజీసీ చట్టం. రాష్ట్ర చట్టం యూజీసీ పనిని అసాధ్యం చేసేలా ఉంటే అది నిలవదు. ఏడాదిలో వందకు పైగా విశ్వవిద్యాలయాలు పుట్టుకొస్తే ఏ యూజీసీ తనిఖీ చేయగలదు?

మూడో మెట్టు: ఇది మన వ్యాసానికి గుండెకాయ. విశ్వవిద్యాలయం అంటే కాగితం మీద ఏర్పడిన చట్టబద్ధ సంస్థ మాత్రమే కాదని, అక్కడ నిజంగా చదువు చెప్పే ఏర్పాట్లు ఉండాలని కోర్టు భావించింది. తరగతి గదులు, గ్రంథాలయం, ప్రయోగశాల, అధ్యాపకులు లేకుండా కేవలం ప్రతిపాదన మీద విశ్వవిద్యాలయ హోదా ఇవ్వడం కుదరదు. యూజీసీ చట్టం సెక్షన్ 22 పట్టా ఇచ్చే హక్కును విశ్వవిద్యాలయాలకు ఇచ్చింది. ఆ హక్కు చదువు చెప్పే బాధ్యతతో కలిసే వస్తుంది.

ఫలితంగా సెక్షన్లు 5, 6 చెల్లవని కోర్టు కొట్టేసింది. ఒక రాష్ట్ర శాసనసభ తన సరిహద్దు బయట నడిచే కేంద్రాలకు అనుమతి ఇవ్వలేదని కూడా చెప్పింది. ఆ నోటిఫికేషన్లతో ఏర్పడిన విశ్వవిద్యాలయాలన్నీ ఉనికి కోల్పోయాయి.

ఇంకో చిన్న వివరం. యూజీసీ చట్టం సెక్షన్ 24 ప్రకారం, హక్కు లేకుండా పట్టా ఇచ్చినా, విశ్వవిద్యాలయం అని పేరు పెట్టుకున్నా గరిష్ఠ జరిమానా 1,000 రూపాయలు. 1956లో అది పెద్ద మొత్తమే. ఇప్పుడు ఒక సెమిస్టర్ పరీక్ష ఫీజుకే సరిపోవడం కష్టం. చట్టం గట్టిగా ఉండాలంటే శిక్ష కూడా కాలంతో పాటు మారాలి అని రాయడానికి ఇంతకంటే సూటి ఉదాహరణ దొరకదు.

7. నష్టపోయింది ఎవరు?

తీర్పు వచ్చిన రోజు ప్రమోటర్‌కు పోయింది పెట్టుబడి. విద్యార్థికి పోయేది వయసు. కోర్టుకు ఈ సంగతి తెలుసు. అందుకే నిజంగా చదువుతున్న విద్యార్థుల కోసం, ఆ సంస్థలను ఛత్తీస్‌గఢ్‌లోని రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు అనుబంధంగా చేర్చే చర్యలు తీసుకోవాలని ప్రభుత్వానికి చెప్పింది. అంటే 1950ల నాటి పాత పద్ధతికే తిరిగి వచ్చాం. పాఠం ఒకరు చెప్పాలి, తనిఖీ ఇంకొకరు చేయాలి.

ఇలాంటి దెబ్బ ఒక్క రాయ్‌పూర్‌కే పరిమితం కాలేదు. 2017 నవంబర్‌లో సుప్రీంకోర్టు ఒడిశా నుంచి వచ్చిన ఒక కేసులో, కొన్ని డీమ్డ్ విశ్వవిద్యాలయాలు అనుమతి లేకుండా దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ పట్టాలపై తీర్పు ఇచ్చింది. 2001–05 మధ్య చేరినవారి పట్టాలను నిలిపివేసి, ఏఐసీటీఈ పెట్టే పరీక్ష రాసే అవకాశం ఇచ్చింది. ఆ తర్వాత చేరినవారి పట్టాలను వెనక్కి తీసుకోమంది. అప్పటికి వారిలో చాలామంది ఉద్యోగాల్లో ఉన్నారు, ఆ పట్టాతో పదోన్నతులు పొందినవారూ ఉన్నారు. పన్నెండు, పదిహేనేళ్ల తర్వాత మళ్లీ పరీక్ష హాలులో కూర్చోవాల్సి రావడం ఎలా ఉంటుందో పరీక్షలతో బతుకుతున్న మనకు వేరే చెప్పాలా?

సివిల్స్ రాసేవారికి ఇది మరీ దగ్గరి విషయం. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ దాటినా, అన్నిటికీ ఆధారం చట్టప్రకారం ఏర్పడిన విశ్వవిద్యాలయం ఇచ్చిన డిగ్రీయే. పునాది కదిలితే పైన ఎన్ని మార్కులు ఉన్నా నిలబడవు.

8. తీర్పు తర్వాత

ప్రైవేటు విశ్వవిద్యాలయాలు అక్కడితో ఆగిపోలేదు. ఛత్తీస్‌గఢ్ 2005లోనే కొత్త చట్టం చేసింది. దాని కింద ఒక నియంత్రణ కమిషన్ ఏర్పడింది. రాయ్‌పూర్‌లో మాట్స్, కళింగ, అమిటీ వంటి విశ్వవిద్యాలయాలు ఈ తర్వాతి దశలో వచ్చినవే. ఇంజనీరింగ్ కళాశాలలను ఒక గొడుగు కిందికి తేవడానికి భిలాయ్‌లో స్వామి వివేకానంద సాంకేతిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2015లో నయా రాయ్‌పూర్‌లో ఐఐఐటీ మొదలైంది. దీన్ని రాష్ట్ర ప్రభుత్వం, ఎన్‌టీపీసీ కలిసి పెట్టాయి. కంప్యూటర్ సైన్స్ చదవాలనుకునే రాయ్‌పూర్ విద్యార్థికి ఇప్పుడు సొంత ఊళ్లోనే ఎన్ఐటీ ఉంది, ఐఐఐటీ ఉంది.

తెలుగు రాష్ట్రాలు ఈ దారిలోకి ఆలస్యంగా వచ్చాయి. మన దగ్గర ఇంజనీరింగ్ కళాశాలలు విపరీతంగా పెరిగినా చాలాకాలం అవి జేఎన్‌టీయూల వంటి విశ్వవిద్యాలయాల అనుబంధంలోనే నడిచాయి. ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం 2016లో, తెలంగాణ చట్టం 2018లో వచ్చాయి. యశ్‌పాల్ తీర్పు నీడలో తయారైన చట్టాలు కాబట్టి భూమి, నిధి, భవనాల షరతులు వాటిలో ముందే ఉన్నాయి. రాయ్‌పూర్ కట్టిన మూల్యం నుంచి మిగతా రాష్ట్రాలు నేర్చుకున్నాయనవచ్చు.

9. ఇప్పుడు గేమ్ డిజైన్ వంతు

2002లో కంప్యూటర్ కోర్సుకు ఉన్న మెరుపు ఇప్పుడు గేమ్ డిజైన్‌కు వస్తోంది. ముందు ఇదేమిటో తేల్చుకుందాం. గేమ్ ఆడటం వేరు, గేమ్ తయారీ వేరు. తయారీలో కూడా ప్రోగ్రామింగ్ వేరు, డిజైన్ వేరు. ప్రోగ్రామర్‌కు లీనియర్ ఆల్జీబ్రా, గ్రాఫిక్స్, అల్గారిథమ్‌లు కావాలి. తెర మీద శత్రువు మన దగ్గరికి దారి వెతుక్కునేది 1968లో స్టాన్‌ఫర్డ్ పరిశోధన సంస్థలో రోబో కోసం పుట్టిన ఎ-స్టార్ అల్గారిథమ్ వంటి వాటితోనే. డిజైనర్ పని నియమాలు రాయడం. ఎక్కడ కష్టం పెంచాలి, ఎక్కడ బహుమతి ఇవ్వాలి, ఆటగాడు ఎక్కడ విసుగు చెందుతాడు అన్నవి అతని ప్రశ్నలు. మన వైకుంఠపాళిలో ఏ గడిలో పాము, ఏ గడిలో నిచ్చెన అని నిర్ణయించినవారు డిజైనర్లే. అష్టాచమ్మాలో ఏ గడిలో కాయను చంపకూడదో చెప్పే నియమమూ డిజైనే.

దీని చరిత్రలోనూ అదే వరుస కనిపిస్తుంది. 1962లో అమెరికా ఎంఐటీలో కొందరు యువకులు పీడీపీ-1 కంప్యూటర్ మీద "స్పేస్‌వార్" తయారుచేశారు. అది ఏ కోర్సులోనూ భాగం కాదు. కెనడాలోని వాంకూవర్‌లో 1988లో మొదలైన డిజిపెన్ 1990లలో గేమ్ ప్రోగ్రామింగ్ చదువును తెచ్చింది. స్కాట్లాండ్‌లోని అబర్టే విశ్వవిద్యాలయం 1997లో కంప్యూటర్ గేమ్స్ డిగ్రీ పెట్టింది. ల్యాబ్‌లో ఆట పుట్టిన మూడు దశాబ్దాల తర్వాత డిగ్రీ వచ్చింది. ఆ మధ్యలో ఒక పరిశ్రమ పెరిగింది, నేర్పగలిగినవారు తయారయ్యారు.

మన దేశంలో ఎన్ఐడీ బెంగళూరు క్యాంపస్ పీజీ స్థాయిలో డిజిటల్ గేమ్ డిజైన్ నేర్పుతోంది. తెలంగాణ 2016లో యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం ఇమేజ్ విధానాన్ని తెచ్చింది. 2022–23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన ఏవీజీసీ టాస్క్‌ఫోర్స్ అదే ఏడాది డిసెంబర్‌లో నివేదిక ఇచ్చింది. ఏవీజీసీ అంటే యానిమేషన్, విజువల్ ఎఫెక్ట్స్, గేమింగ్, కామిక్స్. 2024 సెప్టెంబర్‌లో కేంద్ర మంత్రివర్గం ముంబైలో జాతీయ ఉత్కృష్టతా కేంద్రానికి ఆమోదం తెలిపింది. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, సామాజిక ఆటలను ప్రోత్సహిస్తామంది. గేమింగ్ అంటే జూదం కాదని చట్టమే ఒక గీత గీసింది.

ప్రోత్సాహం వచ్చింది కాబట్టి కోర్సులు వస్తాయి. అడగాల్సింది అవి ఏ వరుసలో వస్తాయన్నదే. బ్రోషర్‌లో గేమ్ డిజైన్ అని అచ్చువేయడానికి ఒక రోజు చాలు. దాన్ని నేర్పడానికి కనీసం ఒక్క ఆటనైనా పూర్తిచేసి జనం ముందు పెట్టిన అధ్యాపకుడు కావాలి. విద్యార్థి తయారుచేసిన ఆటను కొత్తవారి చేత ఆడించి, ఎక్కడ ఆగిపోతున్నారో చూసే ల్యాబ్ కావాలి. పాత కంప్యూటర్ సైన్స్ సిలబస్‌కు రెండు యానిమేషన్ పేపర్లు అతికిస్తే అది గేమ్ డిజైన్ అవదు.

నియంత్రణలోనూ చిక్కుంది. ఈ కోర్సు సాంకేతిక విద్యా, కళా, డిజైనా? ఏఐసీటీఈ 2024–25 నుంచి బీసీఏ వంటి కోర్సులను కూడా తన పరిధిలోకి తెచ్చుకుంది. కానీ సరిహద్దులో ఉన్న కోర్సుకు పేరు మార్చితే నియంత్రకుడు మారిపోయే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. 2002లో ఆ ఖాళీ "విశ్వవిద్యాలయం" అన్న మాటలో ఉంది. ఇప్పుడు కోర్సు పేరులో ఉండవచ్చు.

10. ఎదురు వాదన

ప్రతిదానికీ ముందు భవనం, ముందు అనుమతి అంటే కొత్త చదువు ఎప్పటికీ రాదని కొందరంటారు. ఈ మాటను కొట్టిపారేయలేం. స్పేస్‌వార్ తయారుచేసినవారు ఎవరి అనుమతీ అడగలేదు. టిఫ్రాక్ కూడా సిలబస్ చూసి పుట్టలేదు. అతి నియంత్రణ ఉంటే నయా రాయ్‌పూర్‌లో ఒక మంచి ప్రయోగం కూడా ఫైళ్లలో ఆగిపోవచ్చు.

దీనికి జవాబు రెండింటినీ విడదీయడంలో ఉంది. నేర్పడానికి స్వేచ్ఛ ఇవ్వాలి. పట్టా ఇచ్చే అధికారానికి తనిఖీ ఉండాలి. సర్టిఫికెట్ కోర్సుగా, ఐచ్ఛిక పేపర్‌గా, క్లబ్‌గా గేమ్ డిజైన్ ఎవరైనా మొదలుపెట్టవచ్చు. జాతీయ విద్యావిధానం 2020 చెప్పిన బహువిషయ అధ్యయనం, క్రెడిట్ బ్యాంక్ దీనికి దారి ఇస్తున్నాయి. అక్కడ గురువులు, ల్యాబ్, పని రుజువయ్యాక డిగ్రీ రావాలి. యశ్‌పాల్ తీర్పు కొత్తదనాన్ని అడ్డుకోలేదు. పట్టా ముందు, చదువు తర్వాత అన్న వరుసను మాత్రమే అడ్డుకుంది.

ముగింపు

రాయ్‌పూర్ ఒకే నగరంలో రెండు దారులనూ చూసింది. 1956లో శంకుస్థాపన జరిగిన కళాశాల 49 ఏళ్లకు ఎన్ఐటీ అయి ఇప్పటికీ నిలబడి ఉంది. 2002 తర్వాత గెజిట్ కాగితంతో పుట్టినవి మూడేళ్లలోపే పోయాయి. వింత ఏమిటంటే రెండిటి జాతకమూ 2005లోనే తేలింది. ఫిబ్రవరిలో ఒకటి ముగిసింది, డిసెంబర్‌లో ఇంకొకటి కొత్త హోదా పొందింది. విశాఖ నుంచో, విజయనగరం నుంచో రైలెక్కి రాయ్‌పూర్‌లో చదువుకోవడానికి వెళ్లే తెలుగు విద్యార్థి అయినా, హైదరాబాద్‌లో గేమ్ డిజైన్ సీటు వెతుక్కునే విద్యార్థి అయినా అడగాల్సింది ఒకటే. ఇక్కడ పట్టా ఎవరిస్తారు అని కాదు, దానికి ముందు ఇక్కడ ఎవరు, దేనితో నేర్పుతున్నారు అని.

త్వరిత పునశ్చరణ

• కేంద్ర జాబితా ఎంట్రీ 66: ఉన్నత విద్యా ప్రమాణాలు. రాష్ట్ర జాబితా ఎంట్రీ 32: విశ్వవిద్యాలయాల ఏర్పాటు. ఉమ్మడి జాబితా ఎంట్రీ 25: విద్య (42వ సవరణ, 1976).
• యూజీసీ చట్టం 1956: సెక్షన్ 3 డీమ్డ్ హోదా, సెక్షన్ 22 పట్టా ఇచ్చే హక్కు, సెక్షన్ 24 శిక్ష.
• భారతీదాసన్ తీర్పు 2001. యశ్‌పాల్ తీర్పు 2005. రెండింటినీ కలిపి రాస్తే స్వయంప్రతిపత్తి, ప్రమాణాలు అన్న రెండు వైపులూ సమాధానంలోకి వస్తాయి.

సాధన ప్రశ్న: "ఉన్నత విద్యలో విస్తరణ, నాణ్యత ఒకదానికొకటి శత్రువులు కావు, వాటి వరుస తప్పినప్పుడే సమస్య." 2002–05 నాటి ఛత్తీస్‌గఢ్ అనుభవం ఆధారంగా చర్చించండి. (250 పదాలు, 15 మార్కులు)